రొయ్య పొట్టుతో ఇన్సులిన్ బిళ్ళ: వాట్సాప్ చెప్పింది ఎంత నిజం?

ప్రశ్న: మా అమ్మకి 61 ఏళ్ళు. పన్నెండేళ్ళుగా షుగర్. బిళ్ళలతో అదుపులోకి రావడం లేదని పోయినేడాది నుంచి డాక్టరుగారు ఉదయం, రాత్రి ఇన్సులిన్ రాశారు. సూది చూస్తేనే ఆవిడకి వణుకు. నేను ఇంట్లో లేని రోజు వేసుకోవడమే మానేస్తోంది. నేను భీమవరం దగ్గర రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటులో పనిచేస్తాను. రొయ్య పొట్టు నుంచి తీసే చిటోసాన్‌తో నానో రేణువులు చేసి, వాటిలో ఇన్సులిన్ పెట్టి నోటి ద్వారా ఇచ్చే పద్ధతి కనిపెట్టారని వాట్సాప్‌లో వచ్చింది. అది చూసి మా బావగారు ఆన్‌లైన్‌లో చిటోసాన్ క్యాప్సూల్స్ తెప్పించారు. అవి వేసుకుంటూ ఇన్సులిన్ సగానికి తగ్గించమంటున్నారు. క్యాప్సూల్ విప్పి ఆ పొడిలో ఇన్సులిన్ కలిపి తాగించినా పనిచేస్తుందని ఇంకొకరు చెప్పారు. ఇందులో నిజమెంత? ఇన్సులిన్ బిళ్ళ ఎప్పటికి వస్తుంది? సెమాగ్లూటైడ్ అని ఏదో బిళ్ళ వచ్చిందంటున్నారు, అది ఇదేనా?
— ఒక పాఠకుడు, పశ్చిమ గోదావరి జిల్లా

సమాధానం: ఆ క్యాప్సూల్స్ సీసాని ముందు అటక మీద పడేయండి. డాక్టరుగారు చెప్పకుండా అమ్మగారి ఇన్సులిన్‌లో ఒక్క యూనిట్ కూడా తగ్గించకండి. ఈ రెండూ ఇవాళే జరగాలి. మిగతాది నింపాదిగా చెప్పుకుందాం.

మీకొచ్చిన మెసేజ్ పచ్చి అబద్ధమైతే నా పని సులువయ్యేది. అందులో సగం నిజం ఉంది, ఇబ్బందంతా అక్కడే. చిటోసాన్ రేణువుల్లో ఇన్సులిన్ ఇరికించి, ఎలుకల చేత మింగించి, షుగర్ తగ్గిందని చూపించిన పరిశోధనలు ఒకటీ అరా కాదు, బోలెడున్నాయి. స్పెయిన్‌లోని సాంటియాగో డి కాంపోస్టెలా యూనివర్సిటీలో మరియా హోసె అలోన్సో బృందం ఈ రేణువులు చేసే పద్ధతిని 1997లో ప్రచురించింది. అది ఎంత తేలికైన పద్ధతంటే, ఆ తర్వాత ఫార్మసీ కాలేజీల్లో ఎవరో ఒక విద్యార్థి దాన్నే ప్రాజెక్టుగా పెట్టుకునేవాడు. మా బ్యాచ్‌లో ఆ విద్యార్థిని నేనే.

పలచటి ఎసిటిక్ యాసిడ్‌లో చిటోసాన్ కరిగిస్తాం. ల్యాబంతా వెనిగర్ వాసన. ఇంటికెళ్ళినా చొక్కాని వదిలేది కాదు. బీకరు అడుగున చిన్న అయస్కాంతం ముక్క గిర్రున తిరుగుతుంటే, పైనుంచి ట్రైపాలీఫాస్ఫేట్ కలిపిన నీళ్ళు చుక్కచుక్కగా వదులుతాం. ఈ పేరు మీకు కొత్త కాకపోవచ్చు. ప్లాంటుల్లో రొయ్య నీరు వదలకుండా నానబెట్టే ఎస్‌టీపీపీ ఉంటుంది చూడండి, అదే. చిటోసాన్‌ది ప్లస్ చార్జి, దీనిది మైనస్. రెండూ ఒకదాన్నొకటి లాక్కుని ఉండ కట్టుకుంటాయి. మొదట్లో ఏమీ కనిపించదు. కాసేపటికి తేటగా ఉన్న ద్రవం, గ్లాసుడు నీళ్ళలో పాలచుక్క పడ్డట్టు, కొద్దిగా నీలంగా మసకబారుతుంది. ఆ మసకే రేణువులు. ఒక్కోటీ 200, 300 నానోమీటర్లుంటుంది, అంటే మన ఎర్ర రక్తకణం వెడల్పులో పాతికో వంతో ముప్ఫయ్యో వంతో. చెయ్యి జారి నాలుగు చుక్కలు ఎక్కువ పడితే మాత్రం విరిగిన పాలలా ముద్దలు కట్టేస్తుంది. నా లెక్కలో విరిగిన బీకర్లే ఎక్కువ.

ఇన్సులిన్ పెట్టాలంటే ఆ ఫాస్ఫేట్ నీళ్ళలో ముందే కలిపి ఉంచుతాం. రేణువు ఉండ కట్టే క్షణంలోనే అది లోపల చిక్కుకోవాలి. ఈ ముక్క గుర్తుంచుకోండి, మీ బావగారి క్యాప్సూల్స్ దగ్గర మళ్ళీ అవసరం పడుతుంది.

అసలు ఇంత తంటా ఎందుకంటే, ఇన్సులిన్ ప్రొటీన్ కాబట్టి. 51 అమైనో ఆమ్లాల గొలుసు. కడుపుకి అది మందా, ముద్దపప్పా అన్న తేడా తెలియదు. ప్రొటీన్లని అరిగించే పెప్సిన్ అనే ఎంజైము అక్కడే కొరకడం మొదలుపెడుతుంది. అక్కడ తప్పించుకున్నది చిన్నపేగులోకి దిగితే ట్రిప్సిన్, కైమోట్రిప్సిన్ అనే ఇంకో రెండు ఎంజైములు కాచుకుని ఉంటాయి. తమాషా ఏమిటంటే, ఇన్సులిన్‌ని తయారుచేసే క్లోమగ్రంథే ఈ రెంటినీ పేగులోకి పంపుతుంది. పుట్టించేదీ అదే, చంపించేదీ అదే.

పోనీ ముక్కలు కాకుండా మిగిలిందనుకుందాం. పేగు గోడ దాటాలి కదా. ముందు జిగురు పొర. దాని వెనక ఒకే ఒక్క వరస కణాలు, కానీ పక్కపక్కన గట్టిగా కుట్టేసినట్టు ఉంటాయి. అమ్మగారు వాడే ఉంటారు, మెట్‌ఫార్మిన్. దాని అణుభారం 129. ఇన్సులిన్‌ది సుమారు 5,800, అంటే 45 రెట్లు. అంత చిన్న మెట్‌ఫార్మినే మింగినదాంట్లో సగం, అంతకి కాస్త ఎక్కువ మాత్రమే రక్తంలోకి చేరుతుంది. 1922 జనవరిలో టొరంటోలో లెనార్డ్ థాంప్సన్ అనే 14 ఏళ్ళ కుర్రాడికి మొదటిసారి ఇన్సులిన్ సూదితో ఇచ్చారు. వందేళ్ళు దాటినా సూదే నడుస్తోందంటే అది పరిశోధకుల బద్ధకం కాదు, ఈ గోడ మహిమ.

ఇక్కడే మీ రొయ్య పొట్టు రంగంలోకి వస్తుంది. మీ ప్లాంటులో రోజూ గుట్టలుగా పడే తలకాయల్లో, పొట్టులో కైటిన్ అనే గట్టి పదార్థం ఉంటుంది. యాసిడ్‌తో సున్నం తీసేసి, కాస్టిక్ సోడాతో మాంసం తీసేసి, మళ్ళీ గాఢమైన కాస్టిక్‌లో వేడి చేస్తే చిటోసాన్ వస్తుంది. (ఇంట్లో ప్రయత్నిద్దామని మాత్రం అనుకోకండి. ఆ కాస్టిక్ చెయ్యి మీద పడితే షుగర్ సంగతి తర్వాత.) చిటోసాన్‌కి మూడు మంచి గుణాలు. ఇన్సులిన్‌ని లోపల దాచుకుని ఎంజైములకి అందకుండా కొంతవరకు అడ్డుపడుతుంది. ప్లస్ చార్జి ఉంది కాబట్టి మైనస్ చార్జి ఉన్న జిగురు పొరకి అతుక్కుంటుంది. కణాల మధ్య కుట్లని కాసేపు వదులు చేస్తుంది. ఇంకేం కావాలి అనిపిస్తుంది. నాకూ అప్పట్లో అలాగే అనిపించింది.

కానీ చిటోసాన్ పులుపులో కరుగుతుంది. మేము ల్యాబులో కరిగించిందే యాసిడ్‌లో కదా! కడుపు అంతకంటే పులుపు. చారులో వేసిన అప్పడంలా మెత్తబడిపోతుంది. అందుకని దానికి మీద ఇంకో తొడుగు వెయ్యాలి. సముద్రపు నాచు నుంచి వచ్చే ఆల్జినేట్ దీనికి మంచి జోడీ. అది పులుపులో ముడుచుకుంటుంది, పేగులోకి వెళ్ళాక ఉబ్బి వదులవుతుంది. సరే, తొడుగుతో పేగు చేరింది. అక్కడ పులుపు పోగానే చిటోసాన్‌కి ఆ ప్లస్ చార్జి తగ్గిపోతుంది, అతుక్కునే గుణమూ తగ్గుతుంది. దానికి విరుగుడుగా ట్రైమిథైల్ చిటోసాన్ అని మార్చిన రకం చేశారు. అదీ అతుక్కుంది. అయితే పేగు ఆ జిగురు పొరని ఎప్పటికప్పుడు కొత్తది చేసుకుంటూ పాతదాన్ని కిందికి తోసేస్తూ ఉంటుంది. గోడకి కాగితం బాగానే అంటించాం, పెచ్చే ఊడి పడిపోతే ఏం చేస్తాం?

ఇన్ని దాటుకుని ఎలుకల్లో షుగర్ తగ్గిన మాట నిజమే. ఎంత ఇస్తే తగ్గింది అన్నది మాత్రం వాట్సాప్ చెప్పదు. ఇలాంటి చాలా పేపర్లలో నోటి మోతాదు ఎలుక బరువులో కిలోకి 50, 100 యూనిట్ల లెక్కన ఉంటుంది. ఎలుక లెక్కని మనిషికి నేరుగా అన్వయించకూడదు, కానీ ఊహకోసం ఒకసారి చూడండి. 60 కిలోల మనిషికి కిలోకి 50 చొప్పున 3,000 యూనిట్లు. మన మెడికల్ షాపులో దొరికే 10 మిల్లీలీటర్ల మామూలు వయల్‌లో ఉండేది 400. అంటే ఒక్క పూటకి ఏడున్నర వయల్స్!

ఖర్చు అయినా ఎలాగో భరిద్దాం అనుకోండి. అసలు చిక్కు అది కాదు. ఈ సంగతి మీకు వివరంగా చెప్పాలి, ఎందుకంటే సెమాగ్లూటైడ్ ప్రశ్నకి జవాబు కూడా ఇందులోనే ఉంది.

సెమాగ్లూటైడ్ కూడా ఇన్సులిన్ లాంటి అమైనో ఆమ్లాల గొలుసే, కాస్త పొట్టిది. 2019 సెప్టెంబరులో అమెరికాలో బిళ్ళగా అనుమతి వచ్చింది, ఇప్పుడు మన దేశంలోనూ దొరుకుతోంది. కానీ అది ఇన్సులిన్ కాదు. మన ఒంట్లోని ఇన్సులిన్‌ని ఎగదోసే వేరే హార్మోన్ పోలిక మందు. అందులో నానో రేణువులూ లేవు, చిటోసానూ లేదు. స్నాక్ అనే సాయక పదార్థం 300 మిల్లీగ్రాములు కలిపి ఉంటుంది. బిళ్ళ కడుపులో ఎక్కడ కూర్చుంటే అక్కడ చుట్టూ కాసేపు పులుపు తగ్గించి, మందుని కడుపు గోడ దాటిస్తుంది. అంత చేసినా లోపలికి చేరేది 1 శాతం దగ్గర్లోనే. ఇంజెక్షన్‌గా వారానికి 1 మిల్లీగ్రాము వాడే చోట, బిళ్ళగా రోజుకి 14, అంటే వారానికి 98 మిల్లీగ్రాములు మింగించాల్సి వస్తోంది. దాన్ని పరగడుపున సగం గ్లాసు మించని నీళ్ళతో, అంటే 120 మిల్లీలీటర్ల లోపు, మింగి అరగంట ఏమీ ముట్టకూడదు. మన ఇళ్ళలో పొద్దున్నే కాఫీ లేకుండా అరగంట కూర్చోబెట్టడం సూది వేయడం కన్నా కష్టమని నా అనుమానం.

ఆ ఒక్క శాతం కూడా రోజూ ఒకేలా ఉండదు. ఒకరోజు కాస్త ఎక్కువ, మరోరోజు కాస్త తక్కువ. అయినా సెమాగ్లూటైడ్ నెగ్గుకొచ్చింది. ఎందుకంటే ఒంట్లో అది సగానికి తగ్గడానికే వారం పడుతుంది. ఇవాళ తగ్గింది, రేపు పెరిగింది, అన్నీ కలిసి సర్దుకుంటాయి. చెరువులో ఒక బిందె ఎక్కువ పోసినా తక్కువ పోసినా నీటిమట్టం మారనట్టు.

ఇన్సులిన్‌కి ఆ వెసులుబాటు లేదు. అమ్మగారికి 14 యూనిట్లు రాశారనుకోండి, 14 యూనిట్లే పడాలి. రేణువుల్లోంచి ఇవాళ 2 శాతం దాటింది, షుగర్ బాగుంది. రేపు ఆవకాయ నెయ్యి వేసుకుని తిన్నారు, పేగు నెమ్మదించింది, 1 శాతమే దాటింది, షుగర్ 300. ఎల్లుండి 4 శాతం దాటిందనుకోండి, రెట్టింపు డోసు పడ్డట్టే. అర్ధరాత్రి చెమటలు పట్టి, చేతులు వణికి, మాట తడబడి పడిపోతారు. అందువల్ల ఇన్సులిన్‌ని పేగు దాటించగలిగామా అన్నది సగం ప్రశ్నే. ప్రతి పూటా అంతే కొలత దాటించగలమా అన్నది మిగతా సగం, కష్టమైన సగం. నేను ల్యాబులో ఉన్న రోజుల్లో మేమందరం మొదటి సగం దగ్గరే చప్పట్లు కొట్టుకునేవాళ్ళం.

పెద్ద కంపెనీలు కూడా ఇక్కడే తడబడ్డాయి. నానో రేణువులతో కాదు, వేరే పద్ధతులతో. బెంగళూరు బయోకాన్ వాళ్ళు ఇన్సులిన్ అణువునే మార్చి చేసిన ఐఎన్-105 బిళ్ళ 2011లో మన దేశంలో జరిగిన మూడో దశ పరీక్షలో, అంటే అనుమతికి ముందు ఎక్కువమంది రోగుల మీద చేసే పరీక్షలో, అనుకున్న లక్ష్యం అందుకోలేదు. డెన్మార్క్ నోవో నార్డిస్క్ వాళ్ళ బిళ్ళది ఇంకా బాధ కలిగించే కథ. 50 మంది మీద 8 వారాలు చూస్తే గ్లార్జిన్ అనే దీర్ఘకాలపు ఇన్సులిన్ ఇంజెక్షన్‌కి దాదాపు సమానంగా షుగర్ తగ్గింది. 2019లో ఫలితాలు అచ్చయ్యాయి. కానీ బిళ్ళలో కుక్కాల్సిన ఇన్సులిన్ మరీ ఎక్కువై, గిట్టుబాటు కాదని అప్పటికే ఆపేశారు. ఇజ్రాయెల్ కంపెనీ ఓరామెడ్ క్యాప్సూల్ 2023 జనవరిలో మూడో దశలోనే బోర్లా పడింది. చిటోసాన్ రేణువుల ఇన్సులిన్ ఆ మూడో దశ గడప కూడా తొక్కలేదు. ఏ దేశంలోనూ మందుల షాపులో లేదు.

దీనికి ఇంకో కారణం మీలాంటి వాళ్ళకి తేలిగ్గా అర్థమవుతుంది. వనామీ పొట్టు వేరు, టైగర్ పొట్టు వేరు, పీత డిప్ప వేరు. కాస్టిక్‌లో గంట ఎక్కువ ఉడికితే చిటోసాన్ గొలుసు పొడవు మారిపోతుంది. బ్యాచ్ బ్యాచ్‌కీ తేడా వస్తే మీ ఎక్స్‌పోర్ట్ బయ్యర్ ఊరుకుంటాడా? మందుల అనుమతి ఇచ్చేవాళ్ళు అంతకంటే గట్టిపిండాలు.

అలాగని చిటోసాన్ దండగ అనుకోకండి. ఇరాక్, అఫ్ఘానిస్తాన్ యుద్ధాల్లో అమెరికా సైనికులు గాయం నుంచి రక్తం ఆపడానికి చిటోసాన్ పట్టీలు వాడారు. నానో రేణువుల మాటా ఉత్తిది కాదు. ఆల్బుమిన్ అనే రక్తంలోని ప్రొటీన్‌తో చేసిన రేణువుల్లో పాక్లిటాక్సెల్ పెట్టిన క్యాన్సర్ మందుకి అమెరికాలో 2005లోనే అనుమతి వచ్చింది. అయితే అది నరంలోకి ఎక్కిస్తారు, పేగు గోడతో దానికి పనిలేదు.

ఇప్పుడు బావగారి క్యాప్సూల్స్. అందులో ఉన్నది వట్టి చిటోసాన్ పొడి. బరువు తగ్గడానికి, కొవ్వు పట్టుకోవడానికి అని అమ్మే పీచు పదార్థం. అందులో ఇన్సులిన్ లేదు, ఉన్నట్టు ఆ సీసా మీద కూడా రాసి ఉండదు. దాన్ని నమ్ముకుని ఇన్సులిన్ సగం చేస్తే ఒంట్లో పడేది సగం ఇన్సులినే. ఇక పొడిలో ఇన్సులిన్ కలిపి తాగించడం అంటారా, ఇందాక గుర్తుంచుకోమన్న ముక్క ఇక్కడే కావాలి. పూర్ణం చోవి పిండిలో కలిపేస్తే బూరె అవదు. పూర్ణం ఉండ చేసి, పిండిలో ముంచి, నూనెలో వేస్తేనే బూరె. కలిపి తాగించిన ఇన్సులిన్ కడుపులో ముద్దపప్పుతో పాటే అరిగిపోతుంది. వయల్ డబ్బులు పోతాయి, షుగర్ మాత్రం దిగదు. రొయ్యలు పడని వాళ్ళూ, రక్తం పలచబడటానికి వార్ఫరిన్ వాడేవాళ్ళూ ఈ క్యాప్సూల్స్ జోలికే వెళ్ళకుండా ఉంటే మంచిది.

మీ ఉత్తరంలో నన్ను అన్నిటికన్నా కంగారు పెట్టింది రొయ్య పొట్టు కాదు. "నేను ఇంట్లో లేని రోజు వేసుకోవడమే మానేస్తోంది" అన్న వాక్యం. ముందు దాని సంగతి చూడాలి.

ఆవిడ వయల్, సిరంజి వాడుతుంటే ఇన్సులిన్ పెన్ను గురించి డాక్టరుగారిని అడగండి. పెన్నుకి 4 మిల్లీమీటర్ల సూదులు దొరుకుతాయి. బియ్యపు గింజంత పొడవు కూడా ఉండదు. ముందు ఖాళీ పెన్నుని ఆవిడ చేతికిచ్చి, డయల్ తిప్పి టిక్కుటిక్కుమనే చప్పుడు విననివ్వండి. భయం సగం ఆ పెద్ద సిరంజి రూపం చూసే. వాడుతున్న మందు ఫ్రిజ్‌లోంచి తీసిన వెంటనే పొడిస్తే మంట పుడుతుంది, కాసేపు బయట ఉంచాలి. ఒకే చోట రోజూ పొడిస్తే అక్కడ గడ్డ కట్టి మందు సరిగా ఎక్కదు. పొట్ట మీద కుడివైపు ఒక వారం, ఎడమవైపు ఒక వారం, ప్రతిసారీ వేలెడంత జరుపుతూ వేయాలి. సూది మళ్ళీ మళ్ళీ వాడితే మొద్దుబారి నొప్పి పెరుగుతుంది. సూది నొప్పి అని మానేసేవాళ్ళలో కొందరు నిజానికి పాత సూది నొప్పికి మానేస్తున్నారు.

సిరంజితోనే కొనసాగితే ఒక్క విషయం తప్పనిసరిగా చూడండి. మన వయల్స్ ఎక్కువగా మిల్లీలీటరుకి 40 యూనిట్లవి, వాటికి ఎర్ర మూత సిరంజి. 100 యూనిట్ల మందుకి నారింజ మూత సిరంజి. షాపులో ఒకటి బదులు ఒకటి ఇస్తే డోసు రెండు రెట్లు దాటి తేడా వస్తుంది. ఇప్పుడు ఇంట్లో ఉన్న వయల్ మీద అంకె, సిరంజి మూత రంగు రెండూ పక్కపక్కన పెట్టి సరిచూసుకోండి.

రోజుకి రెండు సూదులు బదులు ఒకటి సరిపోయే దీర్ఘకాలపు ఇన్సులిన్‌కి మార్చవచ్చా, సెమాగ్లూటైడ్ లాంటిది తోడు చేస్తే సూదులు తగ్గుతాయా అని డాక్టరుగారిని నేరుగా అడగండి. కొందరికి కుదురుతుంది, కొందరికి కుదరదు. కిడ్నీ, కళ్ళ రిపోర్టులు చూశాక ఆయన చెప్పాలి. వెళ్ళేటప్పుడు అమ్మగారు ఎన్ని రోజులు సూది మానేశారో దాచకుండా చెప్పండి. రోజూ వేసుకుంటున్నారనుకుని ఆయన డోసు పెంచేసి, తర్వాత ఆవిడ నిజంగానే రోజూ వేసుకోవడం మొదలుపెడితే షుగర్ ఒక్కసారిగా పడిపోతుంది. అలాంటప్పుడు మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగించి, పావుగంట తర్వాత మళ్ళీ షుగర్ చూడాలని ఇంట్లో అందరికీ చెప్పి ఉంచండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయాలి.

ఇక ఎప్పటికి వస్తుందన్న ప్రశ్న. తేదీ అయితే నేను చెప్పలేను. అమెరికాలో ఎంఐటీ వాళ్ళు చిరుతపులి మచ్చల తాబేలు డిప్ప ఆకారంలో బఠాణీ గింజంత క్యాప్సూల్ చేశారు. ఎలా పడ్డా తనంతట తాను సరిగ్గా కూర్చుని, కడుపు గోడలోకి లోపలినుంచే ఇన్సులిన్ సూది పొడుస్తుంది. 2019లో పందుల మీద పనిచేసింది. రేణువులతో కొలత కుదరక చివరికి సూదినే మింగించే ఆలోచన చేశారన్నమాట! అమ్మగారికి ఈ సంగతి మాత్రం చెప్పకండి.

మీ షిఫ్టు రోజుల్లో సూది ఎవరు వేస్తారో ఈ ఆదివారమే తేల్చుకోండి. బావగారు దగ్గర్లోనే ఉంటే ఆ పని ఆయనకే అప్పజెప్పండి. అత్తగారి షుగర్ మీద ఆయనకి అంత శ్రద్ధ ఉందిగా.